ఇజ్జత్‌ కా సవాల్‌!

హెచ్‌ఐవీ అంటే తెలియనివాళ్లు ఇప్పుడు తక్కువే. ఎలా వస్తుందో తెలుసు, ఎలా రాకుండా చూసుకోవాలో తెలుసు. మరి అన్నీ తెలిసినవాళ్లు పరీక్షకు ఎందుకు వెళ్లరు? జాగ్రత్త ఎందుకు మరిచిపోతారు? మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రపంచమంతా తిరిగి వెతికిన ఈ ప్రశ్నకు మన పాతబస్తీలో ఒకే ఒక్క మాటలో జవాబు దొరుకుతుంది.

పాతబస్తీలో ఈ మాట వినపడని రోజుండదు. ఆటో బేరంలో, పెళ్లి భోజనాల దగ్గర, అన్నదమ్ముల తగువులో... 'ఇజ్జత్‌ కా సవాల్‌ హై భాయ్‌!' అంటారు. పరువు సమస్య అన్నమాట. ఉర్దూ ముక్క రాని హైదరాబాదీ కూడా 'ఇజ్జత్‌ పోయింది' అంటాడు తప్ప 'నా గౌరవానికి భంగం కలిగింది' అనడు. ఆ ఇజ్జత్‌కీ హెచ్‌ఐవీకీ ఏమిటి సంబంధం అంటారా? చాలానే ఉంది. సీసా కన్నా, సూది కన్నా ముందు మనిషిని జబ్బువైపు నెట్టేది సిగ్గూ భయమేనని హైదరాబాద్‌లోనూ బయటా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆ కథ చెప్పుకోవాలంటే నయాపూల్‌ దగ్గర మొదలుపెట్టడం మేలు.

వంతెనకు అటూ ఇటూ

నయాపూల్‌ మీద ఓ నిమిషం ఆగి చూడండి, ఆ ట్రాఫిక్‌ ఆగనిస్తే! మూసీకి దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. హైకోర్టు భవనం కట్టడం 1919లో పూర్తయింది. అదే ఏడాది, ఫసలీ లెక్కలో చెప్పాలంటే 1329లో, నిజాం సర్కారు హిజ్రాల మీద ఓ చట్టం తెచ్చింది. బ్రిటిష్‌ వాళ్లు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టానికి అది తమ్ముడు లాంటిది. నగరంలో ఉండే హిజ్రాల పేర్లూ చిరునామాలూ ఓ రిజిస్టర్లో రాసిపెట్టాలి. పిల్లల్ని ఎత్తుకెళతారనో, 'ప్రకృతి విరుద్ధమైన' పనులు చేస్తారనో అనుమానం వస్తే చాలు, పేరు అందులోకి ఎక్కుతుంది. ఎక్కినవాళ్లు ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా, ఆడినా, పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు.

నిజాముల పాలన పోయింది. రాజ్యాంగం వచ్చింది. హైదరాబాద్‌ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్‌, అది పోయి తెలంగాణ వచ్చాయి. ఈ చట్టం మాత్రం కాగితాల్లో అలాగే ఉంది. ట్రాన్స్‌జెండర్‌ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు 2018లో దాన్ని హైకోర్టులో సవాలు చేశారు. ఒక సమాజాన్ని మొత్తంగా నేరస్థుల కింద లెక్కగట్టే ఈ చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని 2023 జులైలో కోర్టు కొట్టేసింది. పుట్టిన 104 ఏళ్లకు!

రిజిస్టర్లో పేరు రాయించుకోవడం అంటే పోలీసుల కంట్లో పడటం అని తరతరాలుగా చెప్పుకున్నవాళ్లను 'రండి, ఆసుపత్రి రిజిస్టర్లో పేరు రాయించుకోండి, రక్తం ఇవ్వండి' అని పిలిస్తే ఎంతమంది వస్తారు?

హైకోర్టుకు దగ్గర్లోనే ఒకప్పుడు మెహబూబ్‌ కీ మెహెందీ ఉండేది. నగరంలో పేరుమోసిన వేశ్యావాటిక. 1996లో దాన్ని ఖాళీ చేయించారు. సునీతా కృష్ణన్‌, బ్రదర్‌ జోస్‌ వెట్టికాటిల్‌ కలిసి 'ప్రజ్వల' సంస్థను మొదలుపెట్టింది అప్పుడే. ఖాళీ అయిన ఇంట్లోనే ఆ మహిళల పిల్లల కోసం బడి పెట్టారు. సునీతకు 2016లో పద్మశ్రీ వచ్చింది.

వాడ పోయింది కాబట్టి ఆ వృత్తీ పోయిందనుకుంటే పొరపాటే. ఖైరతాబాద్‌ బెల్లావిస్టాలోని అడ్మినిస్ట్రేటివ్‌ స్టాఫ్‌ కాలేజీ పరిశోధకులు 2000 దశకం తొలినాళ్లలో ఉమ్మడి రాష్ట్రంలోని 13 జిల్లాల్లో 6,648 మంది సెక్స్‌ వర్కర్లతో మాట్లాడారు. వారిలో 5,010 మంది వీధుల్లో విటులను వెతుక్కునేవారు. 1,499 మంది ఇళ్ల నుంచే. వేశ్యాగృహాల్లో ఉన్నవారు ఎందరో తెలుసా? 139 మంది! ముంబయి కామాఠీపురా, కోల్‌కతా సోనాగాచీల్లాగా ఒక వాడ ఉంటే ఆరోగ్య కార్యకర్త వెళ్లి తలుపు తట్టొచ్చు. బస్టాండుకూ, సినిమా హాలుకూ, అద్దె గదికీ చెదిరిపోయినవాళ్లను ఎక్కడని వెతకాలి? వాళ్లలో చాలామంది పక్కింటివాళ్లకు కూడా తెలియకుండా బతుకుతుంటారు. ఇజ్జత్‌ మరి.

పులిరాజాకు తెలుసు... అయినా!

2003 ప్రాంతంలో తెలుగునాట గోడల మీదా, హోర్డింగుల మీదా ఒకటే ప్రశ్న... పులిరాజాకు ఎయిడ్స్‌ వస్తుందా? ఎవరీ పులిరాజా అని కిళ్లీకొట్ల దగ్గర చర్చలు. పిల్లలు అడిగితే ఏం చెప్పాలో తెలియక పెద్దల తిప్పలు. ముంబయిలో 2002 చివర్లో బల్బీర్‌ పాషా పేరుతో ఇలాంటి ప్రచారమే వచ్చింది. పాపులేషన్‌ సర్వీసెస్‌ ఇంటర్నేషనల్‌ అనే సంస్థ చేసిన ప్రచారం అది. 'బల్బీర్‌ పాషా మామూలుగా కండోమ్‌ వాడతాడు. తాగినప్పుడు మాత్రం మరిచిపోతాడు. అతనికి ఎయిడ్స్‌ వస్తుందా?' అన్నది అందులో ఒక ప్రకటన సారాంశం. అతనికి విషయం తెలియక కాదు. తెలుసు, కానీ...

అప్పటిదాకా ఇలాంటి సంగతులు తెలుసుకోవాలంటే మనకు డాక్టర్‌ జి.సమరం పత్రికా శీర్షికలే దిక్కు. వాటిని కూడా ఇంట్లో ఎవరూ చూడకుండా చదివినవారే ఎక్కువ! పులిరాజా ఆ గుట్టును వీధిలోకి తెచ్చాడు. తేవాల్సిన అవసరమూ ఉంది. అప్పట్లో దేశంలో హెచ్‌ఐవీ బాగా ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ ఒకటి. ఉచితంగా ఏఆర్‌టీ మందులివ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది కూడా ఆ ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో.

అన్నట్టు, మన సిగ్గు లెక్కల్ని కూడా తారుమారు చేసింది. ఇదే స్టాఫ్‌ కాలేజీ పరిశోధకులు 2004-05లో గుంటూరు జిల్లాలో ఇంటింటికీ వెళ్లి 12 వేలమందికి పైగా రక్తనమూనాలు తీసుకుని పరీక్షించారు. 15-49 ఏళ్ల వయసువారిలో హెచ్‌ఐవీ 1.72 శాతం అని తేలింది. ఆసుపత్రులకు వచ్చే గర్భిణుల పరీక్షల ఆధారంగా అప్పటిదాకా వేసిన అంచనాలు దానికి రెండింతలకు పైనే! తేడా ఎందుకొచ్చిందో వెతికితే తేలిన కారణాల్లో ఒకటి ఇది: హెచ్‌ఐవీ ఉందని తెలిసినా, అనుమానం వచ్చినా చాలా ప్రైవేటు ఆసుపత్రులు 'మాకెందుకొచ్చిన గొడవ' అని రోగుల్ని ప్రభుత్వాసుపత్రికి పంపేసేవి. దాంతో అక్కడి లెక్క ఉబ్బిపోయింది. ఈ అధ్యయనం, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కలిసి దేశం లెక్కనే మార్చేశాయి. యాభై లక్షలకు పైనే అనుకున్న బాధితుల సంఖ్యను 2007లో సుమారు 25 లక్షలకు తగ్గించారు.

సీసా చేసే పని

మళ్లీ బల్బీర్‌ పాషా దగ్గరికి వద్దాం. తాగినప్పుడే ఎందుకు మరిచిపోతాడు? దీనికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు క్లాడ్‌ స్టీల్‌, రాబర్ట్‌ జోసెఫ్స్‌ 1990లో ఒక వివరణ ఇచ్చారు. మద్యం మనిషికి హ్రస్వదృష్టి తెస్తుందన్నారు. కంటికి కాదు, బుద్ధికి! మయోపియా ఉన్నవారికి దగ్గరివి బాగా, దూరానివి మసకగా కనిపిస్తాయి కదా. తాగినవాడికీ అంతే. ఎదురుగా ఉన్న సుఖం స్పష్టంగా కనిపిస్తుంది. రేపు రాబోయే జబ్బు, ఇంట్లో ఉన్న భార్య, డాక్టర్‌ చెప్పిన మాట... అన్నీ మసకబారిపోతాయి.

కెనడాలో టారా మెక్‌డొనాల్డ్‌ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు దీన్ని పరీక్షించి చూశారు. కాలేజీ కుర్రాళ్లలో కొందరికి మద్యం ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా ఒకే వీడియో చూపించారు. అందులో ఒక జంట దగ్గరవుతారు, కండోమ్‌ లేదు. 'మీరైతే ఏం చేస్తారు?' అని అడిగారు. అలా చేయడం తెలివితక్కువ పనని రెండు జట్లకూ తెలుసు. అయినా ముందుకెళతామన్నవారు తాగినవారిలోనే ఎక్కువ. 1996లో వెలువడిన ఈ అధ్యయనం చెప్పింది ఒక్కటే... తెలియడం వేరు, ఆ నిమిషంలో గుర్తుండటం వేరు.

మన నగరంలో సీసా అంటే ఒక్క మద్యమే కాదు. కల్లు కాంపౌండ్లున్నాయి. ఈత, తాటి చెట్లు కనుచూపుమేరలో లేని మహానగరంలో పూటపూటకీ అంత కల్లు ఎక్కడిదన్నది అందరికీ తెలిసిన రహస్యమే. క్లోరల్‌ హైడ్రేట్‌, డయాజిపామ్‌, ఆల్ప్రజోలమ్‌ లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లే చాలాచోట్ల కల్లుగా చెలామణీ అయ్యాయి. 2004లో ప్రభుత్వం హైదరాబాద్‌లో కల్లు దుకాణాలు మూయించింది. 2014లో తెలంగాణ వచ్చాక మళ్లీ తెరిచారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలన్నీ మూతపడగానే ఏమైందో గుర్తుందా? కల్లుకూ మద్యానికీ అలవాటుపడినవారు వణుకుతూ, తమలో తాము మాట్లాడుకుంటూ, మూర్ఛలతో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బారులు తీరారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

ఇక సూదితో మత్తు ఎక్కించుకోవడం సరేసరి. ఒకరి సూది ఒకరు వాడితే వైరస్‌ నేరుగా రక్తంలోకే. దేశవ్యాప్తంగా 2021లో చేసిన నిఘా సర్వేలో ఇలా మత్తు తీసుకునేవారిలో హెచ్‌ఐవీ 9 శాతం దాటింది. అదే సర్వేలో హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో 3.78 శాతం. దేశంలో వయోజనుల సగటు 0.2 శాతమే అని గుర్తుపెట్టుకుంటే ఈ అంకెల బరువు అర్థమవుతుంది.

మరి కొందరే ఎందుకు మత్తుకు అంతగా దగ్గరవుతారు? 'వాళ్లంతే' అనేయడం తేలిక. ఇలాన్‌ మేయర్‌ అనే పరిశోధకుడు 2003లో దీనికి మరో కోణం చూపించాడు. ఎవరో చూస్తారేమో, ఎవరికో తెలిసిపోతుందేమో అని ప్రతిరోజూ, ప్రతిచోటా కాచుకుని ఉండటమే ఒక బరువు అన్నాడు. మనలాంటివాళ్లకు ఆఫీసు ఒత్తిడో, ఇంటి ఒత్తిడో ఉంటుంది. తాను ఎవరో దాచుకోవాల్సినవారికి వాటి మీద ఇది అదనం. దానికి సెలవులుండవు.

వైన్‌షాపులో పాఠాలు

మాటలతో మనుషులు మారతారా? అమెరికా సైకాలజిస్టు జెఫ్రీ కెల్లీ 1980ల చివర్లో ఈ పని ఒక వింత చోట మొదలుపెట్టాడు... బార్లలో! మిసిసిపీ, లూసియానా రాష్ట్రాల్లోని మూడు చిన్న ఊళ్లలో స్వలింగ సంపర్కులు చేరే బార్లకు వెళ్లాడు. ఇక్కడ ఎవరి మాటకు విలువ ఎక్కువ అని బార్‌లో పనిచేసేవారినే అడిగి, ఆ పేరున్నవాళ్లను పిలిచి శిక్షణ ఇచ్చాడు. ఉపన్యాసాలు వద్దు, స్నేహితులతో మామూలుగా మాట్లాడేటప్పుడే 'నేనైతే జాగ్రత్తగా ఉంటున్నా, నువ్వూ ఉండు' అనమన్నాడు. కొన్ని నెలల తర్వాత చూస్తే అరక్షిత సంబంధాలు పెట్టుకునేవారి సంఖ్య నాలుగోవంతు దాకా తగ్గింది.

ఇదే పద్ధతిని తర్వాత అయిదు దేశాల్లో పరీక్షించారు. మన దేశంలో అందుకు ఎంచుకున్నది చెన్నైని. అక్కడ వైన్‌షాపులకు వచ్చే మగవాళ్లలో నలుగురూ మెచ్చేవాళ్లను ఏరి ఇలాగే శిక్షణ ఇచ్చారు. 2010లో ఫలితాలొచ్చాయి. తమాషా ఏమిటంటే... శిక్షణ ఇచ్చిన చోట ప్రమాదకరమైన అలవాట్లు తగ్గాయి. ఇవ్వని చోటా తగ్గాయి! అంటే పద్ధతి విఫలమైనట్టా? లెక్కల ప్రకారం రెండింటికీ తేడా లేదు. కానీ రెండుచోట్లా పరీక్షలు చేశారు, జబ్బుంటే మందులిచ్చారు, కూర్చోబెట్టి కౌన్సెలింగ్‌ చేశారు. ఎవరో ఒకరు తిట్టకుండా, మొహం చిట్లించకుండా అన్నీ అడిగి విన్నా పని జరిగిందేమో అనిపిస్తుంది ఆ ఫలితాలు చూస్తే.

షహర్‌వాలా, లష్కర్‌వాలా

మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రశ్నాపత్రాలతో వెళితే, గాయత్రీ రెడ్డి అనే మానవశాస్త్ర పరిశోధకురాలు హైదరాబాద్‌ హిజ్రాలతోనే నెలల తరబడి గడిపారు. షికాగోలోని ఇల్లినాయ్‌ విశ్వవిద్యాలయంలో అధ్యాపకురాలైన ఆమె 1990లలో జంటనగరాల్లో చేసిన పరిశోధన 2005లో పుస్తకంగా వచ్చింది. పేరు 'విత్‌ రెస్పెక్ట్‌ టు సెక్స్‌'. ఆ పుస్తకమంతా తిరిగేది ఇజ్జత్‌ చుట్టూనే.

హైదరాబాద్‌ హిజ్రాల్లో రెండు పెద్ద ఇళ్లున్నాయి. నగరం వైపువారు షహర్‌వాలా, సికింద్రాబాద్‌ వైపువారు లష్కర్‌వాలా. బోనాలప్పుడు లష్కర్‌ అని మనం పిలుచుకునే ఊరే. గురువు, ఆమె చేలాలు, ఆ చేలాల చేలాలు... ఇదీ వాళ్ల కుటుంబం. పుట్టింది ఏ మతమైనా ఇందులోకి వచ్చాక ముస్లింలమనే చెప్పుకోవడం పరిపాటి. కట్టుబాట్లు గట్టివి. తప్పు చేస్తే జరిమానా. అందులోనూ మెట్లున్నాయి. పెళ్లిళ్లకూ పురుళ్లకూ వెళ్లి దీవించి బధాయి తీసుకునేవారిది పైమెట్టు. కోరికలు వదిలేసుకున్నవాళ్లమని వాళ్లు చెప్పుకుంటారు. అదే వాళ్ల ఇజ్జత్‌. పొట్టకూటికి ఒళ్లమ్ముకునేవారిది కిందిమెట్టు. సికింద్రాబాద్‌ స్టేషన్‌ దగ్గర నీళ్ల ట్యాంకు కింద ఉండే అలాంటివారితోనూ గాయత్రి చాలాకాలం మాట్లాడారు.

లోకం మొత్తం బేఇజ్జత్‌ చేసిన మనుషులు తమలో తాము ఇజ్జత్‌ కోసం ఎంతగా తపిస్తారో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. ఆరోగ్యం సంగతికి వస్తే చిక్కంతా ఇక్కడే. కోరికలు లేకపోవడమే గౌరవమైన చోట ఒకరు కండోమ్‌ అడిగినా, హెచ్‌ఐవీ పరీక్షకు వెళ్లినా అది తమ గుట్టు తామే విప్పుకోవడం అవుతుంది. ఒళ్లమ్ముకునేవారికి ఆ దాపరికం లేదు గానీ, వాళ్లు ఆసుపత్రికి వెళితే ఓపీ చీటీ దగ్గరే 'ఆడా, మగా?' అని మొదలయ్యేది. వరుసలో నిలబడ్డవాళ్ల చూపులు, నవ్వులు. ఆడవాళ్ల వార్డా, మగవాళ్ల వార్డా అన్న తర్జనభర్జన. అవన్నీ పడేకన్నా మెడికల్‌ షాపులో ఏదో మాత్ర కొనుక్కోవడం నయమనుకునేవారు. శరీరంలో మార్పుల కోసం గర్భనిరోధక మాత్రల్ని డాక్టర్‌ సలహా లేకుండా, మోతాదు తెలియకుండా మింగేసేవారు ఎందరో. రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని చెప్పేవారేరీ?

సవాలు ఇళ్లలోనూ ఉంది

ఇదంతా ఎవరో వేరేవాళ్ల గొడవ, మనకెందుకు అనుకునేవారి కోసం మరో లెక్క. మగవాళ్లతో సంబంధాలున్న మగవాళ్ల మీద స్టాఫ్‌ కాలేజీ బృందమే ఉమ్మడి రాష్ట్రంలో ఒక అధ్యయనం చేసి 2005లో ప్రచురించింది. మాట్లాడిన ఆరువేలమందికి పైగా పురుషుల్లో నూటికి నలభై మందికి పైనే పెళ్లయినవాళ్లు! ఇంట్లో ఒత్తిడి తట్టుకోలేక, నలుగురూ ఏమనుకుంటారోనని తాళి కట్టినవారు వారిలో ఎంతమందో ఆలోచించండి. 'పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి' అనే పెద్దల మాటకు ఏ పాపం తెలియని ఓ ఆడపిల్ల మూల్యం చెల్లించాలి. భర్త చెప్పడు. ఆమె అడగదు. గర్భం వచ్చాక ఆసుపత్రిలో మామూలుగా చేసే పరీక్షలో బయటపడితే, వింతగా అత్తింటివాళ్లు వేలెత్తి చూపేది ఆమెనే. ఆ కష్టం మన వీధుల్లో, మన బంధువుల్లో లేదని గుండెమీద చెయ్యేసుకుని ఎవరైనా చెప్పగలరా?

2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 377 సెక్షన్‌ నుంచి వయోజనుల ఇష్టపూర్వక సంబంధాలను తప్పించింది. ట్రాన్స్‌జెండర్లను గుర్తించిన నల్సా తీర్పు 2014లోనే వచ్చింది. కోర్టుల్లో గెలిచినంత తేలిగ్గా ఇళ్లలో గెలవలేదన్నది వేరే చెప్పాలా!

నారాయణగూడలో ఓ తలుపు

అఫ్జల్‌గంజ్‌ నుంచి కోఠీ మీదుగా వెళితే నారాయణగూడ ఎంతో దూరం కాదు. 2021 జనవరిలో అక్కడ 'మిత్ర్‌' క్లినిక్‌ తెరిచారు. ట్రాన్స్‌జెండర్ల కోసమే ప్రత్యేకంగా ఏర్పాటైన క్లినిక్‌ దేశంలో అదే మొదటిది. అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ డబ్బుతో, జాన్స్‌ హాప్‌కిన్స్‌ విశ్వవిద్యాలయం చేపట్టిన కార్యక్రమంలో భాగం. పనిచేసేవారిలో ఎక్కువమంది ఆ సమాజంవారే. హెచ్‌ఐవీ పరీక్ష అక్కడ చాలా సేవల్లో ఒకటి మాత్రమే. జ్వరానికీ వెళ్లొచ్చు. హార్మోన్ల గురించి డాక్టర్‌ని అడగొచ్చు. మనసు బాగోలేదని కౌన్సెలర్‌ దగ్గర కూర్చుని ఏడవొచ్చు. న్యాయ సలహా తీసుకోవచ్చు. అంటే ఆ మెట్లెక్కిన మనిషిని చూసి 'ఓహో, దానికోసమే వచ్చింది' అని ఎవరూ అనుకోరు. పాతికేళ్ల ప్రచారం చేయలేని పనిని ఒక్క తలుపు చేసింది, ఎందుకంటే అక్కడ ఇజ్జత్‌ పోదు.

2025 జనవరిలో అమెరికాలో ప్రభుత్వం మారగానే విదేశీ సాయం ఆగిపోయింది. హైదరాబాద్‌తోపాటు కల్యాణ్‌, పుణెల్లోని క్లినిక్‌లూ మూతపడ్డాయి. మూడూ కలిసి సుమారు అయిదువేలమందికి సేవలందిస్తున్నాయి అప్పటికి. మన పన్నుల డబ్బు పోతున్నది ఇలాంటివాటికా అంటూ ఎలాన్‌ మస్క్‌ సోషల్‌ మీడియాలో వెక్కిరించాడు. ప్రపంచంలోకెల్లా ధనవంతుడికి నారాయణగూడ క్లినిక్‌ కంటగింపయిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. టాటా ట్రస్ట్స్‌ ముందుకొచ్చాక 2025 మే నెలలో అది 'సబ్‌రంగ్‌' పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఆ నాలుగు నెలల్లో మందులు ఆపేసినవారెందరో, మళ్లీ పాత మెడికల్‌ షాపు దారి పట్టినవారెందరో! హెచ్‌ఐవీ మందులు రోజూ వేసుకోవాల్సినవి. మధ్యలో ఆపితే వైరస్‌ మళ్లీ తలెత్తుతుంది, మందుకు లొంగకుండా మొండికేయొచ్చు కూడా. దాతలు ఇస్తే ఉండి, ఇవ్వకపోతే పోయే తలుపుల మీద ఇలాంటి చికిత్స ఆధారపడటం ఎంతవరకు సబబో ప్రభుత్వాలే ఆలోచించాలి.

ప్రభుత్వాసుపత్రిలోనూ ఓ తలుపు కొద్దిగా తెరుచుకుంది. 2022 నవంబరులో ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్‌ ప్రాచీ రాథోడ్‌, డాక్టర్‌ రూత్‌ జాన్‌పాల్‌ వైద్యాధికారులుగా చేరారు. తెలంగాణలో ప్రభుత్వ సర్వీసులోకి వచ్చిన తొలి ట్రాన్స్‌జెండర్‌ డాక్టర్లు వాళ్లిద్దరే. చదువుంది, డిగ్రీ ఉంది. అయినా తామెవరో తెలిశాక ప్రైవేటులో ఉద్యోగం కోసం ఎన్ని అవమానాలు పడాల్సి వచ్చిందో అప్పట్లో ఇద్దరూ పత్రికలకు చెప్పారు. డాక్టరుకే అలా ఉంటే రోగి సంగతి వేరే చెప్పాలా? 2024 డిసెంబరులో హైదరాబాద్‌ ట్రాఫిక్‌ విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు సహాయకులుగా చేరారు. ఒకప్పుడు సిగ్నల్‌ దగ్గర వాళ్లను చూసి కారు అద్దాలు పైకెత్తుకున్న నగరం, ఇప్పుడు వాళ్లు చెయ్యెత్తితే ఆగుతోంది. వీధిలో కనిపిస్తే చాలు అరెస్టు చేయొచ్చన్న చట్టం పోయి అప్పటికి ఏడాదిన్నరే!

అడిగేదెవరు?

2023 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం, తెలంగాణలో 0.44 శాతం. పులిరాజా రోజులతో పోలిస్తే చాలా తగ్గింది. దేశ సగటుకు మాత్రం ఇప్పటికీ రెండు మూడింతలు. మిజోరం, నాగాలాండ్‌, మణిపుర్‌ల తర్వాత స్థానాలు మనవే. వైద్యం ఎంత మారిందో చాలామందికి తెలియదు. క్రమం తప్పకుండా మందులు వేసుకుని, రక్తంలో వైరస్‌ కనిపించనంతగా తగ్గినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా అది మరొకరికి సోకదు. వేలాది జంటల్ని పరిశీలించి రుజువు చేసిన విషయమిది. ప్రమాదం జరిగిందన్న అనుమానం ఉంటే 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మందులు మొదలుపెట్టి అడ్డుకోవచ్చు. ముప్పు ఎక్కువున్నవారు ముందుజాగ్రత్తగా వేసుకునే ప్రెప్‌ మాత్రలూ ఉన్నాయి. తల్లికి మందులిస్తే బిడ్డను దాదాపుగా కాపాడుకోవచ్చు.

చట్టం కూడా అండగా ఉంది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి తెచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్‌ చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం గోప్యంగా ఉంచాలి. హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం నుంచి తీసేయడం, వైద్యం నిరాకరించడం, ఇల్లు అద్దెకివ్వకపోవడం నేరుగా నిషేధం. ఉస్మానియాతోపాటు పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, కౌన్సెలింగ్‌, ఏఆర్‌టీ మందులు ఉచితం.

ఆసుపత్రి దాకా వెళ్లడానికి ఇంకా ధైర్యం చాలనివారు ముందు ఫోన్లో అడగొచ్చు. నాకో టోల్‌ఫ్రీ నంబరు 1097. పేరు చెప్పాల్సిన పనిలేదు.